షియాన్‌లో నాన్నకు ఏమేం చూపించాలి?

మాది కర్నూలు. అక్టోబరు మొదట్లో నాన్నను చైనాలోని షియాన్ తీసుకెళ్దామనుకుంటున్నా. రిటైర్డ్ చరిత్ర మాస్టారు, కొండారెడ్డి బురుజు కనిపిస్తే చాలు గంట పాఠం చెప్తారు. మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. మట్టి సైనికులు (చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన మట్టి బొమ్మల సైన్యం) కాకుండా ఇంకేం చూడొచ్చు?

అనంతపురం నుంచి:
అన్నా, ముందు తేదీ మార్చుకో. అక్టోబరు 1 నుంచి అక్కడ జాతీయ సెలవులు, ఎక్కడ చూసినా జనమే. మట్టి సైన్యం ఊళ్లో లేదు, తూర్పున లింటాంగ్‌లో ఉంది. 1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడింది. ఒక పూట దానికే పోతుంది. నన్నడిగితే మాస్టారికి అంతకంటే నచ్చేది పెద్ద అడవి బాతు గోపురం. మన దేశమంతా తిరిగిన హ్యూయెన్‌త్సాంగ్ ఇక్కడి నుంచి తీసుకెళ్లిన గ్రంథాలను దాచడానికి 652లో కట్టారు. పైకి ఎక్కించొద్దు, కింద గుడి ఆవరణలో కూర్చోబెట్టు. పాఠం ఆయనే మొదలుపెడతారు.

కడప నుంచి:
కోట గోడ మర్చిపోవద్దు. మింగ్ వంశపు రాజుల కాలం నాటిది, చుట్టూ దాదాపు 14 కిలోమీటర్లు. పైన సైకిళ్లు అద్దెకిస్తారు, అది నీకు. ముస్లిం వీధిలో తిండి చాలావరకు మాంసమే, కానీ అక్కడి పెద్ద మసీదు తప్పకుండా చూడండి. మా పెద్ద దర్గా చూసిన కళ్లతో గుమ్మటం కోసం వెతికాను, లేదు! అంతా చైనా పద్ధతి పెంకుల కప్పులే. ఊరగాయ, పొడులు మోసుకెళ్లండి.

కర్నూలు:
సరే, తేదీ మార్చేస్తా. లింటాంగ్‌లో నడక ఎక్కువా?

అనంతపురం నుంచి:
ఎక్కువే. బ్యాటరీ బండ్లుంటాయి, ఎక్కించెయ్.