‘డాడ్స్’ సిట్‌కామ్ మీద వచ్చిన ఆగ్రహం న్యాయమైనదేనా?

వానచుక్క:

ఫాక్స్ నెట్‌వర్క్‌లో 2013 సెప్టెంబరు 17న మొదలై, 19 ఎపిసోడ్ల తరువాత ఒక్క సీజన్‌తోనే ఆగిపోయిన ‘డాడ్స్’ అనే అమెరికన్ సిట్‌కామ్ (టీవీ హాస్య ధారావాహిక) గురించి మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఈలై, వార్నర్ అనే ఇద్దరు స్నేహితులు కలిసి వీడియో గేములు తయారుచేసే కంపెనీ నడుపుతుంటారు. నోటికి అదుపులేని వాళ్ల తండ్రులు కొడుకుల ఇళ్లకు వచ్చి మకాం వేస్తారు. సెత్ గ్రీన్, జొవాని రిబీసీ కొడుకులుగానూ, పీటర్ రీగర్ట్, మార్టిన్ మల్ తండ్రులుగానూ నటించారు. ‘ఫ్యామిలీ గై’ అనే కార్టూన్ సిట్‌కామ్ సృష్టికర్త సెత్ మెక్‌ఫార్లేన్ దీని ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లలో ఒకరు.

విమర్శకులు దాదాపు ముక్తకంఠంతో దీన్ని తిట్టిపోశారు. ముఖ్యంగా తొలి ఎపిసోడ్‌లో ఆసియా వారి మీద వేసిన జోకులు నిరసనకు దారితీశాయి. ప్రేక్షకుల్లో మాత్రం దీన్ని వెనకేసుకొచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. నోటికి వచ్చినట్టు మాట్లాడే పాత్రలను చూపించినందుకు ఒక కార్యక్రమాన్ని తప్పుపట్టవచ్చా, లేక అసలు తప్పు వేరే చోట ఉందా అన్నది సభ్యులు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

రాత్రిబండి:

నేను దీన్ని మొదటి నుంచి చివరి వరకు చూశాను కాబట్టి ముందుగా నా మాట చెబుతాను. ‘డాడ్స్’కు అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. అమెరికాలో కొత్త కార్యక్రమాల పైలట్ ఎపిసోడ్లు (నమూనాగా తీసే తొలి ఎపిసోడ్లు) ప్రసారానికి కొన్ని నెలల ముందే, ఎండాకాలంలోనే విమర్శకుల చేతికి అందుతాయి. ఆ ఒక్క ఎపిసోడ్ చూసి ఏర్పరచుకున్న అభిప్రాయమే సీజన్ మొత్తానికీ తీర్పుగా మారిపోయింది. పైలట్‌లోని జోకులన్నీ ఇంకా తూకంలో పడలేదని ఫాక్స్ ఎంటర్‌టైన్‌మెంట్ చైర్మన్ కెవిన్ రైలీ 2013 ఆగస్టులో విలేకరుల ముందే చెప్పారు. తరువాతి ఎపిసోడ్లలో మల్, రీగర్ట్ ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకునే సన్నివేశాలు చూడండి. దశాబ్దాల అనుభవమున్న నటులు ఒక చిన్న విరామంతో, కనుబొమ ఎగరేయడంతో నవ్వు పుట్టించడం వాటిలో కనిపిస్తుంది.

ఇక జాతి గురించిన జోకుల సంగతి. ఆ తండ్రులు పాతకాలపు మనుషులు. వాళ్ల మాటలు విని కొడుకులు సిగ్గుతో చచ్చిపోతారు. ఆ సిగ్గులోనే హాస్యం ఉంది. ‘ఫ్యామిలీ గై’లో ఇంతకంటే ఘాటైన జోకులకు నవ్వినవారే ఇక్కడ నొచ్చుకోవడం నాకు అర్థం కాలేదు. ఫాక్స్ 2002లో రద్దుచేసిన ఆ కార్యక్రమం డీవీడీల అమ్మకాల వల్లా, పునఃప్రసారాలకు వచ్చిన ఆదరణ వల్లా 2005లో తిరిగి వచ్చింది. తొలి తీర్పులు ఎప్పుడూ సరైనవి కావనడానికి అంతకంటే మంచి ఉదాహరణ అక్కరలేదు.

మూడోవరుస:

రాత్రిబండి గారూ, హాస్యం తండ్రుల మీదే తప్ప ఆసియా వారి మీద కాదన్న వాదన బలమైనదే, కాని అది ఆ పైలట్‌లోని అసలు సన్నివేశానికి అతకదు. చైనా నుంచి పెట్టుబడిదారులు వస్తున్నారు. కంపెనీలో పనిచేసే వెరోనికా (బ్రెండా సాంగ్) జపాన్ కార్టూన్లలోని స్కూలు పిల్లలా పొట్టి దుస్తులు వేసుకుని, ముసిముసిగా నవ్వుతూ వాళ్లను మెప్పించాలి. ఈ కోరిక కోరింది ఎవరు? తండ్రులు కాదు. తండ్రుల మాటలకు సిగ్గుపడతారని మీరు చెబుతున్న ఆ కొడుకులే, ఆమె పై అధికారులుగా, ఆమెను అలా తయారుకమ్మన్నారు. చైనీయులను నమ్మకూడదని మార్టిన్ మల్ పాత్ర అన్న మాటను మీరు చెప్పిన లెక్కలో క్షమించవచ్చునేమో. కథలో బుద్ధిమంతులుగా నిలబెట్టినవారే ఈ పని చేయించినప్పుడు, ఇక ఆ ఇంట్లో తప్పును తప్పుగా చూసే కన్ను ఎవరిది?

ఇది స్టూడియోలో ప్రేక్షకులను కూర్చోబెట్టి, నాలుగైదు కెమెరాలతో నాటకంలా తీసిన సిట్‌కామ్ అన్న విషయం కూడా మరచిపోకూడదు. అటువంటి కార్యక్రమంలో నటుడు నవ్వు కోసం ఆగుతాడు, కెమెరా ఎవరి ముఖం మీద నిలవాలో దర్శకుడు ముందే నిర్ణయిస్తాడు, ఆ నవ్వు విన్న మనకు ఎవరి పక్షాన ఉండాలో చెప్పకనే చెప్పినట్టవుతుంది. వెరోనికా ఆ దుస్తుల్లో ప్రవేశించగానే స్టూడియో నవ్వుతుంది. ఆ నవ్వు ఆమెను అలా నిలబెట్టినవారి మీద కాదు, ఆమె వేషం మీద. కార్టూన్‌లో గీతకూ మనిషికీ మధ్య కొంత ఎడం ఉంటుంది కాబట్టి ‘ఫ్యామిలీ గై’లో సాగిన తంతు, ఇక్కడ ఒక ఆసియా అమెరికన్ నటి శరీరం మీద జరిగేసరికి అంతే తేలికగా సాగలేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

నోటి దురుసు పాత్రలతో గొప్ప హాస్యం సాధ్యం కాదని నేను అనడం లేదు. సీబీఎస్ నెట్‌వర్క్‌లో 1971 జనవరి 12న మొదలైన ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’ సిట్‌కామ్‌లో ముఖ్యపాత్ర ఆర్చీ బంకర్ నోటి వెంట రాని దూషణ లేదు. తొలి ప్రసారానికి ముందు నెట్‌వర్క్ ఒక హెచ్చరిక కూడా వేయాల్సి వచ్చింది. 1972లో నల్లజాతి గాయకుడు, నటుడు సామీ డేవిస్ జూనియర్ అతిథిగా వచ్చిన ఎపిసోడ్ గుర్తు చేసుకోండి. నల్లజాతి వారిని చులకనగా చూసే ఆర్చీ పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటూ, సరిగ్గా కెమెరా నొక్కే క్షణంలో ఆయన ఆర్చీ చెంప మీద ముద్దు పెడతాడు. కొయ్యబారిపోయిన ఆర్చీ ముఖాన్ని చూసి స్టూడియో దద్దరిల్లిపోతుంది. అక్కడ ఓడిపోయింది అహంకారమే. ‘డాడ్స్’ పైలట్‌లో అహంకారానికి అటువంటి ఓటమి ఒక్కటీ లేదు.

నీలిగోడ:

ఇంత లోతు అవసరమా అనిపిస్తోంది. నాకు ‘డాడ్స్’తో ఉన్న పేచీ నీతికి సంబంధించినది కాదు. జోకు ఎక్కడ పడుతుందో అర నిమిషం ముందే తెలిసిపోతుంది. బూతైనా సరే, ఊహించని చోట నుంచి వస్తే మనిషి నవ్వుతాడు. ఇక్కడ ఆ అవకాశమే లేదు. అలెక్ సల్కిన్, వెల్స్‌లీ వైల్డ్ అనే ఈ రచయితలే మెక్‌ఫార్లేన్‌తో కలిసి 2012లో ‘టెడ్’ సినిమా రాశారు. దానిలోని మొరటు హాస్యంలో చురుకుదనం ఉంది, ఎలుగుబంటి బొమ్మకూ దాని యజమానికీ మధ్య ఆప్యాయత ఉంది. ఇక్కడ ఆ ఆప్యాయత లేకపోవడమే నాకు పెద్ద లోపంగా కనిపించింది.

రాత్రిబండి:

మూడోవరుస గారు ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’ని ఆదర్శంగా చూపారు కాబట్టి ఒక విషయం గుర్తుచేయాలి. నీల్ విడ్మార్, మిల్టన్ రోకీచ్ అనే పరిశోధకులు 1974లో ఆ కార్యక్రమం చూసే అమెరికా, కెనడా ప్రేక్షకుల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. పక్షపాతం ఎక్కువగా ఉన్నవారు ఆర్చీనే మెచ్చుకున్నారనీ, వాదనల్లో గెలిచేది అతడేనని భావించేవారు వాళ్లలోనే ఎక్కువనీ తేలింది. మీరు చెప్పిన ఆ ముద్దు, ఆ ఓటమి, ఏవీ అటువంటివారిని కదిలించలేకపోయాయి. రచయిత ఎంత జాగ్రత్తగా రాసినా చూసేవాడు తనకు కావలసిందే చూస్తాడు. అలాంటప్పుడు ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’కి పూలదండ వేసి, ‘డాడ్స్’ను బోనులో నిలబెట్టడం ఏ న్యాయం?

కొత్తచిగురు:

నేను అమెరికాలో ఉద్యోగం చేస్తున్న ఆసియా మనిషిని కాబట్టి ఈ చర్చను దూరం నుంచి చూడలేకపోతున్నాను. మా ఆఫీసులో ఒక సహోద్యోగిని యాసను అనుకరించి నవ్వడం కొందరికి అలవాటుగా ఉండేది. ఆమె అభ్యంతరం చెబితే, టీవీలో కూడా ఇలాగే అంటారు కదా, నీకు హాస్యం తెలియదా అని అడిగేవారు. ఆ తరువాత మీటింగుల్లో ఆమె నోరు తెరవడమే తగ్గించింది. ‘డాడ్స్’లో వెరోనికాను చూసినప్పుడు నాకు నవ్వు రాకపోవడానికి కారణం అదే. రాత్రిబండి గారు చెప్పిన అధ్యయనం నిజమే కావచ్చు, కాని దాని నుంచి నేను అందుకునేది వేరు. ప్రేక్షకుల్లో కొందరు అహంకారి పక్షానే నిలబడతారని 1974లోనే తేలిన తరువాత, 2013లో కలం పట్టినవారికి బాధ్యత పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇక్కడ ఎవరూ నిషేధం కోరలేదన్నది కూడా చెప్పాలి. మీడియా యాక్షన్ నెట్‌వర్క్ ఫర్ ఏషియన్ అమెరికన్స్ అనే సంస్థ, ప్రసారానికి ముందు ఆ సన్నివేశాలను మళ్లీ తీయమని మాత్రమే అడిగింది. ఫాక్స్ కాదంది. పైలట్‌ను తిరిగి తీయడం ఆ పరిశ్రమలో వింత కాదు. ‘ద బిగ్ బ్యాంగ్ థియరీ’ తొలి పైలట్ పనికిరాదని పక్కనపెట్టి, నటీనటుల్లో కొందరిని మార్చి మళ్లీ తీసిన తరువాతే 2007లో ప్రసారమైంది. జోకులు తూకంలో పడలేదని చైర్మనే ఒప్పుకున్న కార్యక్రమానికి ఆ పాటి శ్రమ ఎందుకు తీసుకోలేదన్నది నా ప్రశ్న.

వానచుక్క:

రద్దుకు కారణం నిరసనలా, రేటింగులా అన్న విషయం మీద కూడా ఒక మాట. అదే ఏడాది, అదే రోజున, అదే నెట్‌వర్క్‌లో ‘బ్రూక్లిన్ నైన్-నైన్’ మొదలైంది. దాని తొలి సీజన్ రేటింగులు కూడా గొప్పవేమీ కావు. అయినా 2014 జనవరిలో దానికి గోల్డెన్ గ్లోబ్ అవార్డు వచ్చింది, ఫిబ్రవరి 2న సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) తరువాతి విలువైన సమయంలో ఫాక్స్ దానికీ చోటిచ్చింది. ‘డాడ్స్’ చివరి ఎపిసోడ్ అదే నెలలో ప్రసారమైంది. రేటింగులు అంతంతమాత్రంగా ఉన్నప్పుడు ఒక కార్యక్రమాన్ని నిలబెట్టేది దానికున్న పేరే. నిరసనలు ‘డాడ్స్’ను నేరుగా చంపి ఉండకపోవచ్చు, కాని ఆదుకోవడానికి ఎవరూ ముందుకు రాకుండా చేశాయని నేను అనుకుంటున్నాను.

రాత్రిబండి:

కొత్తచిగురు గారి సహోద్యోగినికి జరిగింది తప్పే, అందులో నాకు రెండో మాట లేదు. కాని ఆ తప్పు చేసినవారి మాటను పట్టుకుని, 19 ఎపిసోడ్లలో నాలుగైదు నిమిషాల సన్నివేశం ఆధారంగా మిగిలిన నటులందరి పనినీ కొట్టిపారేయడాన్ని నేను అంగీకరించను. పైలట్‌లో చెడిన సన్నివేశం వల్ల ఆ ఇద్దరు ముసలి తండ్రులు పండించిన హాస్యం చెడిపోదు. దాన్ని ఇష్టపడినవారందరినీ జాత్యహంకారులుగా లెక్కగట్టడం ఇంకా అన్యాయం.

మూడోవరుస:

ఇష్టపడినవారి మీద నేను ఏ నిందా వేయలేదు, వేయను. నా అభ్యంతరం రచన మీద. ఆ సన్నివేశాన్ని బాగుచేయడానికి పెద్ద పని కూడా అక్కరలేదు. ఆ దుస్తుల ఆలోచన మార్టిన్ మల్ పాత్రకు వచ్చి, కొడుకులు నీళ్లు నమిలి, చివరికి డబ్బు ఆశతో తలూపి, వెరోనికా మాత్రం తన మామూలు దుస్తుల్లోనే వచ్చి గేము లెక్కలన్నీ పెట్టుబడిదారుల ముందు గుక్క తిప్పుకోకుండా చెప్పి ఒప్పందం కుదుర్చుకుందనుకోండి. ఆమె వేసుకోని ఆ పొట్టి గౌను పట్టుకుని గుమ్మంలో నిలబడిన ముగ్గురు మగవాళ్ల ముఖాల మీద కెమెరా ఆగాలి. తండ్రుల నోటి దురుసులో ఒక్క మాట తగ్గించనక్కరలేదు, మీరు మెచ్చిన హాస్యం మొత్తం అలాగే ఉంటుంది. అలా రాసి ఉంటే నేను ఈ చర్చలో మీ పక్షాన వాదించేదాన్ని.