కైరో నుంచి ఊద్ (అరబ్ తీగ వాయిద్యం) ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవారు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. నాకు కువైట్‌లో ఉద్యోగం. ఏడాదిగా స్నేహితుడి ఊద్ మీద నేర్చుకుంటున్నాను. చిన్నప్పుడు వీణ వాయించిన చేతులు కదా, మెట్లు లేని దండి మీద స్వరస్థానం దొరకడానికే ఆరు నెలలు పట్టింది!

ఇప్పుడు సొంతంగా, చేత్తో చేసిన ఈజిప్టు ఊద్ కొనాలని ఉంది. కైరోలోని మహమ్మద్ అలీ వీధిలో చేసిందంటూ ఒకాయన ఆన్‌లైన్‌లో పెట్టాడు. ఫొటోలన్నీ ముందు వైపు నుంచే, ముత్యపుచిప్ప నగిషీ మెరిసేలా. నగిషీ నాకెందుకండీ? దండి వంగిందా, పై పలక కుంగిందా, తీగలు దండికి ఎంత ఎత్తులో ఉన్నాయి, ఇవి తెలియాలి. తీగలు బిగించే బిరడలు జారతాయేమోనని ఇంకో టెన్షన్. పక్క నుంచి ఫొటో, వాయించిన వీడియో అడిగితే "మంచి సరుకు, నమ్మండి" అంటాడు. తీగ పొడవు మాత్రం 61 సెంటీమీటర్లని చెప్పాడు, అరబ్ ఊద్‌కి అది మామూలే.

డబ్బంతా ముందే పంపమంటున్నాడు. సగం ఇప్పుడు, సగం చేరాక అంటే ఒప్పుకుంటారా? పార్సిల్ చేసే ముందు తీగలు వదులు చేయించాలా? ఇక్కడి ఏసీ గాలికి పలక పగలకుండా మీరేం చేస్తున్నారు?