సిద్ధాంత గ్రంథంలో ఒకే మాట నాలుగు రకాలుగా వస్తోంది: ఏకరూపత ఎలా తేవాలి?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, శ్రీకాకుళం)

పెద్దలందరికీ నమస్కారం. సీతంపేట కొండల్లోని సవరల పోడు వ్యవసాయం, పండుగల మీద నేను రాస్తున్న సిద్ధాంత గ్రంథం ఆరు అధ్యాయాలూ పూర్తయ్యాయి. మా పర్యవేక్షకులు చదివి, విషయం బాగానే ఉందనీ, భాషలో మాత్రం ఏకరూపత లేదనీ చెప్పి ప్రతిని వెనక్కి ఇచ్చారు. ఆయన ఎర్ర సిరాతో పెట్టిన గుర్తులు చూస్తే ఒకే పేజీలో ‘గ్రంథం’, ‘గ్రంధం’ రెండూ ఉన్నాయి. మొదటి అధ్యాయంలో ‘వలన, కొరకు, గూర్చి’ అని రాసిన నేను నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి ‘వల్ల, కోసం, గురించి’ అని రాశాను. తెగ పేరు కొన్నిచోట్ల ‘సవర’, కొన్నిచోట్ల ‘శబర’, ఇంగ్లీషు పుస్తకాల నుంచి తీసుకున్నచోట ‘సొర’ అయింది. సీతంపేట ఒక అధ్యాయంలో శ్రీకాకుళం జిల్లాలోనూ, మరొక అధ్యాయంలో పార్వతీపురం మన్యం జిల్లాలోనూ ఉంది. మూడు అధ్యాయాలు నేనే యూనికోడ్‌లో టైపు చేశాను. మిగిలిన మూడూ డీటీపీ కేంద్రంలో ‘అను’ అనే పాత రకం (యూనికోడ్ కాని) ఫాంట్లలో చేయించి, తర్వాత యూనికోడ్‌లోకి మార్పించాను. మా విభాగంలో ఇందుకు రాతపూర్వకమైన నియమావళి ఏదీ లేదు. సమర్పణకు రెండు నెలల గడువు ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం (విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, విజయనగరం)

అమ్మా, ముందు దిద్దడం ఆపండి. మొదటి పేజీ నుంచి దిద్దుకుంటూ పోయేవారు ఇరవయ్యో పేజీలో తీసుకున్న నిర్ణయాన్ని రెండువందలో పేజీకి వచ్చేసరికి మరచిపోతారు. అప్పుడు పాత తేడాలు పోయి కొత్త తేడాలు వస్తాయి. ఒక నోటుపుస్తకం తీసుకుని, అకారాది క్రమంలో, ఎడమవైపు మీరు ఉంచదలచిన రూపం, కుడివైపు వదిలేయదలచిన రూపాలు, కింద ఒక్క వాక్యంలో కారణం రాసుకోండి. కారణం తప్పనిసరిగా రాయండి. మౌఖిక పరీక్షలో అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

మీరు చెప్పినవన్నీ ఒకే జాతి సమస్యలు కావు. ‘గ్రంధం’ అన్నది తప్పు, అందులో మీ ఇష్టానికి చోటు లేదు. గ్రంథం, పథకం, ప్రాథమిక, విద్యార్థి, ఇవన్నీ థకారంతోనే రాయాలి. థ పొట్టలో చుక్క ఉంటుంది, ధకు ఉండదు. ‘విద్యార్థి’లోలాగా ఆ అక్షరం ఒత్తుగా కిందికి దిగినప్పుడు చుక్క కంటికి ఆనదు కాబట్టి ఏళ్ల తరబడి చదివినవారికి కూడా తేడా తెలియకుండా పోతోంది. ‘అర్థం’, ‘అర్ధం’ అన్న జంట దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మొదటిది మాటకు ఉండే భావం, రెండోది సగం. మీ ప్రతిలో ‘అర్ధ శతాబ్దం’ అని సరిగ్గా రాసినచోట కూడా అన్నింటినీ ఒక్కసారిగా ‘అర్థ’ అని మార్చేస్తే ఉన్న ఒప్పు తప్పవుతుంది. ఈ జంటను ఒక్కొక్కటిగా కళ్లతో చూసి దిద్దవలసిందే.

‘వలన’, ‘వల్ల’ల సంగతి వేరు. రెండూ తెలుగే, ఏదో ఒకటి ఎంచుకోవాలి. నా సలహా ‘వల్ల, కోసం, గురించి’. మీ వాక్యాల్లో క్రియలు ‘చేశారు, వచ్చింది’ అని ఆధునిక రూపంలో ఉన్నప్పుడు వాటి పక్కన ‘కొరకు’, ‘గ్రంథములు’ పొసగవు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో మీ శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలోనే పుట్టారు. గ్రాంథికం రాయాలని పట్టుబట్టిన పండితులే దానిని నిలకడగా రాయలేకపోతున్నారని ఆయన వారి రాతల్లోని ప్రయోగాలను ఎత్తి చూపారు. సగం గ్రాంథికం, సగం వ్యవహారం కలిసిన ప్రతిని చూసినప్పుడల్లా నాకు ఆ వాదమే గుర్తుకు వస్తుంది.

తెగ పేరు విషయంలో కూడా ఆయనే మీకు ఆధారం. సవర భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసి, 1931లో మద్రాసులో అచ్చైన వ్యాకరణం పేరులోనే ‘సొర’, ‘సవర’ రెండూ ఉన్నాయి. మన రాష్ట్రపు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నది ‘సవర’. కాబట్టి మీ సొంత వాక్యాలన్నింటిలో ‘సవర’ అనే రాయండి. సంస్కృత గ్రంథాల ప్రస్తావన వచ్చినచోట ‘శబర’, ఇంగ్లీషు గ్రంథాల పేర్లు చెప్పేచోట ‘సొర’ ఉండనివ్వండి. మొదటి అధ్యాయంలో ఒక చిన్న పేరా రాసి ఈ మూడు పేర్ల సంబంధం చెప్పేస్తే తర్వాత ఎక్కడా వివరణ అవసరం ఉండదు.

జిల్లా పేరు విషయ సంబంధమైన చిక్కు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పాలకొండ, సీతంపేట శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి, రాజాం విజయనగరం జిల్లాకు వచ్చింది. 2011 జనాభా లెక్కల అంకెలు పాత జిల్లాలవి. ఆ అంకెలు ఇచ్చేచోట ‘అప్పటి శ్రీకాకుళం జిల్లా’ అని రాయండి, మీ క్షేత్ర పర్యటన వివరాలు చెప్పేచోట ఇప్పటి జిల్లా పేరు రాయండి. రెంటినీ కలిపేస్తే పరీక్షకులు మీ పట్టికలనే అనుమానిస్తారు.

ప్రశ్న (అదే విద్యార్థిని)

మాస్టారూ, చాలా కృతజ్ఞతలు. పట్టిక మొదలుపెట్టాను, ఇప్పటికే నూట పది మాటలు వచ్చాయి. ఇంకొక్క సందేహం. పల్లెల్లో పెద్దలు తెలుగులో చెప్పిన మాటలను రికార్డు చేసి అలాగే రాశాను. ‘వాన్లేక పంటెల్లిపోనాది’ అన్న మాటను ‘వాన లేక పంట పోయింది’ అని ఈ ఏకరూపత కోసం మార్చాలా?

సమాధానం (విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, విజయనగరం)

మార్చకూడదమ్మా, ఒక్క అక్షరం కూడా. అది మీ వాక్యం కాదు, ఆ పెద్దాయన వాక్యం. ‘పోనాది’ అన్న రూపం మన ప్రాంతపు సొత్తు, దానిని దిద్దితే మీరు సేకరించిన సాక్ష్యాన్ని మీ చేతులతో చెరిపేసినట్టే. అయితే మీ లిపి పద్ధతిలో నిలకడ ఉండాలి. ఒకే మాటను ఒకచోట ‘ఎల్లిపోనాది’ అనీ, మరొకచోట ‘యెల్లిపోనాది’ అనీ రాశారేమో చూడండి. ఇద్దరు మనుషులు నిజంగా రెండు రకాలుగా పలికి ఉంటే రెండూ ఉంచండి. మీ చెవి ఒకటే విని, చెయ్యి రెండు రకాలుగా రాసి ఉంటే రికార్డు మళ్లీ విని ఒకటి నిర్ణయించండి. అచ్చు పుస్తకాల నుంచి ఎత్తిన వాక్యాలకు కూడా ఇదే పద్ధతి. వాటిలో ‘వలన’ ఉంటే ‘వలన’గానే ఉండాలి.

సమాధానం (డీటీపీ పనివారు, విజయనగరం)

మేడం, మార్పించిన అధ్యాయాల గురించి ఒక మాట చెప్తాను. తెరమీద ఒకేలా కనబడే మాట లోపల వేరుగా ఉండవచ్చు. పూర్ణానుస్వారం (ం) ఉండవలసినచోట చూపుకు అలాగే ఉండే తెలుగు అంకె సున్న (౦) పడి ఉండటం నేను తరచుగా చూస్తాను. ‘సంస్కృతి’ అని వెతికితే అలాంటివి దొరకవు, మీరు అన్నీ దిద్దేశాననుకుంటారు. ముందు ఆ సున్న ఒక్కదాన్నే వెతికి, అంకెగా వాడినచోట వదిలి, మిగిలినచోట్ల సరిచేయండి. ‘యూనికోడ్‌లో’ వంటి మాటల్లో పొల్లు హల్లు తర్వాత కంటికి కనబడని విభజక సంకేతం ఉంటుంది. అది కొన్నిచోట్ల ఉండి, కొన్నిచోట్ల లేకపోయినా వెతుకులాట దెబ్బతింటుంది.

అన్నీ ఒకేసారి మార్చే మీట మాత్రం నొక్కకండి. ఒక గ్రంథంలో ‘సవర’ను ‘శబర’గా మార్చమని చెబితే నేను అలాగే నొక్కాను. గిరిజనుల భూముల బదలాయింపు మీద 1959 నాటి నిబంధనకు 1970లో వచ్చిన సవరణ గురించి రాసిన అధ్యాయమంతా ‘శబరణ’ అయిపోయింది. బైండింగుకు వెళ్లే ముందురోజు రాత్రి పట్టుబడింది కాబట్టి సరిపోయింది, తెల్లవార్లూ కూర్చుని దిద్దాను. మీ విషయమూ అదే కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. ‘శబర’ను ‘సవర’గా మార్చేటప్పుడు కూడా ఒక్కొక్కటిగా చూసి మార్చండి, మాస్టారు చెప్పిన సంస్కృత ప్రస్తావనలూ, పెద్దల మాటలూ అందులోనే ఉంటాయి.

విద్యార్థిని

చెప్పినట్టే సున్నను వెతికాను. ఐదో అధ్యాయం ఒక్కదానిలోనే 214 చోట్ల ఉంది. దాన్ని పూర్తిచేసి, రేపు ‘అర్ధం’ మొదలుపెడతాను.