క్రిస్మస్ విందుకి బ్రిస్కెట్: వంట ప్లాన్, రాత్రి డ్యూటీలు

ప్లేనో, వంట బాధ్యత

అందరికీ నమస్కారం. మన తెలుగు సంఘం క్రిస్మస్ విందుకి హాలు ఖరారైంది. (ఇక్కడ అందరినీ డల్లాస్ దగ్గర వాళ్లుండే ఊరి పేరుతోనే పిలుచుకుంటున్నాం.) శనివారం సాయంత్రం 6 గంటలకు భోజనాలు. బిర్యానీ, పప్పు, స్వీట్ల సంగతి ఫ్రిస్కో అక్క విడిగా రాస్తారు. ఇక్కడ బ్రిస్కెట్ (ఆవు ఛాతీ మాంసం) గురించి మాత్రమే మాట్లాడుకుందాం.

ముందుగా ఒక మాట. మన విందులో పెద్దకూరను పేరు పెట్టి వడ్డించడం ఇదే మొదటిసారి. ఇన్నేళ్లూ తినేవాళ్లం ఇళ్లలో తిన్నాం, ఇక్కడికొస్తే చికెన్‌తో సర్దుకున్నాం. ఈసారి బీఫ్ ముట్టని పెద్దలే కమిటీలో లేచి, వాళ్ల పండక్కి వాళ్ల వంట ఉండాలి కదా అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేను. మా ఊళ్లో క్రిస్మస్ ముందురోజు మాంసం పోగులు వేసి, మోదుగాకుల్లో కట్టి ఇంటింటికీ ఇచ్చేవాళ్లు. మిగిలినదాన్ని మా నాయనమ్మ పొడవుగా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసేది. ఆ తునకల కూర జొన్నరొట్టెతో ఎన్నాళ్లు తిన్నా మొహం మొత్తేది కాదు. అందుకే ఈ వంట కుదరాలి. అలాగే, తినని వాళ్లకి ఏ రకంగానూ ఇబ్బంది కలగకూడదు.

ఇక లెక్క. పేర్లిచ్చిన 110 మందిలో బీఫ్ తింటామన్నవాళ్లు 60 మంది. వేరే వంటలు కూడా ఉన్నాయి కాబట్టి మనిషికి పౌండులో మూడో వంతు చాలు, అంటే వండాక 20 పౌండ్లు రావాలి. కొవ్వు కోసి పారేసేది, కాలేటప్పుడు తగ్గేది పోతే బ్రిస్కెట్‌లో చేతికొచ్చేది సుమారు సగమే. కాబట్టి పచ్చిది 40 పౌండ్లు. 13, 14 పౌండ్లవి మూడు తీసుకుందాం. రెండు నా స్మోకర్‌లో (కట్టెల పొగ మీద మెల్లగా కాల్చే పొయ్యిలో) పడతాయి. మూడోదానికి ఇంకొకరి గ్రిల్ కావాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది టైము. 6 గంటలకు వడ్డిస్తున్నాం కదా అని 5 గంటలకు దించేలా ప్లాన్ చేయొద్దు. పోయిన థాంక్స్ గివింగ్‌కి నేను ఆ పొరపాటే చేశాను. పౌండుకి గంట చొప్పున 12 పౌండ్లకి 12 గంటలు లెక్కేసి తెల్లవారుజామున 5కి ఎక్కించాను. మధ్యాహ్నానికి లోపలి వేడి 160 డిగ్రీల దాకా (ఇక్కడ డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లో) వచ్చి ఆగిపోయింది. మూడు గంటలు గడిచినా ముల్లు కదలలేదు. చుట్టాలు వచ్చేశారు, పిల్లలు ఆకలంటున్నారు. టెన్షన్‌లో మంట పెంచేశాను, దించిన వెంటనే కోశాను. రసమంతా పలక మీద మడుగు కట్టింది, ముక్కేమో తాడులా తయారైంది. మా అత్తయ్య ఏమీ అనకుండా ఒక ముక్క తిని పళ్లెం పక్కన పెట్టారు.

160 దగ్గర అలా ఆగడం మామూలే. 150, 170 మధ్య ఎక్కడైనా ఆగొచ్చు. మాంసంలోని తడి పైకి వచ్చి ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. కొత్త కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో ఇదీ అందుకే. అప్పుడు కంగారు పడకుండా, ముదురు రంగు తిరిగిన బ్రిస్కెట్‌ని బుచర్ పేపర్‌లో (మాంసం చుట్టే మందపాటి కాగితంలో) బిగించి చుట్టేస్తే ఆవిరి తగ్గి మళ్లీ వేడెక్కడం మొదలవుతుంది.

కాబట్టి నా ప్లాన్ ఇది: శుక్రవారం రాత్రి 9కి ఎక్కిద్దాం. స్మోకర్ వేడి 250 దగ్గర ఉంచుదాం. ఏ తెల్లవారుజామునో పేపర్ చుట్టుడు. శనివారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 12 లోపు ఎప్పుడైనా దిగనీ, ఫర్వాలేదు. కాసేపు బయట ఉంచి, పొగలు తగ్గాక, పేపర్ తీయకుండానే పాత తువ్వాళ్లలో చుట్టి ఖాళీ కూలర్‌లో (ఐస్ పెట్టెలో) పెట్టి మూత బిగించేద్దాం. మంచి కూలర్‌లో నాలుగైదు గంటలు వేడిగానే ఉంటుంది. ఆ విశ్రాంతిలోనే రసం కాస్త చిక్కబడి, కోసినప్పుడు కారిపోకుండా ఉంటుంది. లోపలి వేడి 140 కిందికి మాత్రం దిగకూడదు. 150కి వచ్చిందంటే తీసి 170 డిగ్రీల ఓవెన్‌లో పెట్టేయాలి. థర్మామీటర్ గుచ్చే ఉంచుతాను.

ఇర్వింగ్

అన్నా, చాలా సంతోషంగా ఉంది. ఒక చిన్న విన్నపం. మా హైదరాబాద్ ఫ్రెండ్స్ నాలుగు కుటుంబాలు వస్తున్నాయి. అందరూ హలాల్ మాత్రమే తింటారు. మూడింట్లో ఒకటి హలాల్ తేవడం కుదురుతుందా? పైసలు తేడా వస్తే నేను ఇస్తా.

ప్లేనో, వంట బాధ్యత

తమ్ముడూ, ఒకటెందుకు, మూడూ హలాలే తెద్దాం. కోసి పళ్లెంలో పెట్టాక ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది? డబ్బు సంగతి నువ్వు మనసులో పెట్టుకోకు, సంఘం చూసుకుంటుంది. నా స్మోకర్‌లో పోయిన నెల పోర్క్ కాల్చాం కాబట్టి జాలీలు గీకి, కడిగి, బాగా కాల్చి శుభ్రం చేస్తాను. అది చాలదని వాళ్లకి అనిపిస్తే కొత్త జాలీ కొంటాను, మొహమాటపడకుండా అడిగి చెప్పు.

షాపులో మాత్రం స్పష్టంగా చెప్పాలి. హలాల్ షాపుల్లో కొవ్వంతా తీసేసి, కూర ముక్కలకి కోసినట్టు సగం చేసి ఇచ్చేస్తుంటారు. "మొత్తం బ్రిస్కెట్ కావాలి, రెండు భాగాలూ కలిసి ఉండాలి, పైన కొవ్వు అలాగే ఉంచండి" అని ముందే ఆర్డర్ పెట్టు. పావు అంగుళం కొవ్వు ఉంచి మిగతాది నేనే చెక్కుతాను. గడ్డకట్టించింది ఇస్తే సోమవారం రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. నాలుగైదు పౌండ్లు కరగడానికి ఒక రోజు పడుతుంది. సింకులో పెట్టి కరిగించొద్దు.

ఫ్రిస్కో

బీఫ్‌కి హాలు ఎడమవైపు గోడ దగ్గర విడిగా బల్ల వేయిస్తున్నాను. కత్తులు, పలకలు, పటకార్లు, గ్లౌజులు అన్నీ వేరు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ బోర్డు పెడదాం. బార్బెక్యూ అంటే బీన్స్ కూడా ఉంటాయి కదా, అవి నేను చేయనా?

ప్లేనో, వంట బాధ్యత

చేయండి అక్కా, కానీ మాంసం ముక్క ఒక్కటి కూడా పడకుండా చేయండి. ఇక్కడి రెస్టారెంట్లలో బీన్స్‌లో బ్రిస్కెట్ తునకలో బేకనో వేస్తుంటారు. తినని వాళ్లు బీన్సే కదా అని వడ్డించుకుంటారు. అలాంటిది మన దగ్గర జరగకూడదు. ఇంకొకటి, చెక్కిన కొవ్వును కరిగించి బంగాళాదుంపలు వేయిద్దామని ఎవరో అన్నారు. రుచిగా ఉంటుంది, నిజమే. ఈ విందులో మాత్రం వద్దు. బంగాళాదుంపల్ని చూసి ఎవరికీ అనుమానం రాదు.

బీఫ్ బల్ల మీద బగారన్నం, నిమ్మకాయ చెక్కలు, పచ్చి ఉల్లిపాయ, గోంగూర పచ్చడి పెడదాం. కొవ్వున్న ముక్క నోట్లో కరుగుతున్నప్పుడు గోంగూర పులుపు తగిలితే ఎలా ఉంటుందో ఒకసారి తిని చూడాలి.

మెకిన్నీ

నా దగ్గర పెల్లెట్ గ్రిల్ (చెక్కపొట్టు గుళికలతో మండేది) ఉంది, మూడోది నేను తీసుకుంటాను. రెండు ప్రశ్నలు. పండగ కదా, ప్రైమ్ రిబ్ (పక్కటెముకల రోస్ట్) చేస్తే ఇంకా గొప్పగా ఉండదా? అది నాలుగు గంటల్లో అయిపోతుంది. రెండోది, అల్లం వెల్లుల్లి, గరం మసాలా పట్టించి రాత్రంతా ఊరబెడితే?

ప్లేనో, వంట బాధ్యత

ప్రైమ్ రిబ్ ఎముకకి ఇద్దరు చొప్పున తింటారు. 60 మందికి 30 ఎముకలు కావాలి, మన బడ్జెట్ దాటిపోతుంది. పైగా దాని అందమంతా 130 దగ్గర ఎర్రగా కోయడంలోనే ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) చెప్పేది 145 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాలు ఆగాలని. పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ తినే విందులో నేను 145 కింద వడ్డించలేను. మన పెద్దవాళ్లు ఎర్రటి ముక్క ముట్టుకోరు కూడా. ఇంట్లో పది మందికైతే చేయండి: 250 ఓవెన్‌లో మెల్లగా కాల్చి, అనుకున్న వేడికి పది డిగ్రీల ముందే తీసి, కాసేపు ఆగి, చివర్లో 500 వేడిలో పైన రంగు తెప్పిస్తే చాలా బాగా వస్తుంది.

బ్రిస్కెట్ సంగతి వేరు. అది ఆవు ఛాతీ కండ, బరువు మోసి మోసి గట్టిపడినది. దాన్ని పట్టి ఉంచే నారంతా కరిగి జిగురుగా మారాలి. కాళ్ల పులుసు రాత్రంతా మరిగాక వేళ్లు అంటుకుంటాయి కదా, ఆ జిగురే ఇది. అందుకే 195 నుంచి 205 దాకా తీసుకెళ్లాలి. అంకె వచ్చింది కదా అని దించేయొద్దు. థర్మామీటర్ పుల్ల వెన్నలో దిగినట్టు దిగాలి.

మసాలా మాత్రం దీనికి వద్దన్నా. 12 గంటల పొగలో వెల్లుల్లి ముద్ద మాడి చేదెక్కుతుంది. సెంట్రల్ టెక్సాస్ పద్ధతి ఉప్పు, మిరియాలు, ఓక్ కట్టె, అంతే. లాక్‌హార్ట్ లాంటి ఊళ్లలో జర్మన్, చెక్ కసాయి దుకాణాల వాళ్లు మాంసం పొగబెట్టి కాగితంలో చుట్టి అమ్మేవాళ్లు, అక్కడ మొదలైన రుచి ఇది. మిరియాలు మాత్రం మనవి వాడదాం, రోట్లో కచ్చాపచ్చాగా దంచినవి. మెత్తటి పొడి వద్దు.

పెల్లెట్లు రాత్రి ఒంటిగంటకి ఒకసారి చూసుకోండి. నిద్రలో అయిపోతే మంట ఆరిపోతుంది, మాంసం పాడవుతుంది.

అలెన్

మేం అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, బాల్కనీలో బొగ్గు ముట్టించనివ్వరు. నాకూ ఏదైనా పని ఇవ్వండి అన్నయ్యా, ఓవెన్ అయితే ఉంది.

ప్లేనో, వంట బాధ్యత

నీ మసాలా ఇక్కడ కావాలి చెల్లీ. ఐదు పౌండ్ల చక్ రోస్ట్ (భుజం మాంసం) తెస్తాను. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, మిరియాలు, పచ్చిమిర్చి పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. ముందు బాణలిలో అన్ని వైపులా ఎర్రగా వేయించు. తర్వాత మందపాటి గిన్నెలో ఉల్లిపాయల మీద పెట్టి, గ్లాసుడు నీళ్లు పోసి, మూత బిగించి 300 ఓవెన్‌లో నాలుగు గంటలు ఉంచు. ఫోర్క్‌తో లాగితే పోగులుగా విడిపోవాలి. పొగ వాసన పడని వాళ్లందరూ నీ రోస్టే తింటారు. మా బ్రిస్కెట్‌లో ఏదైనా వెనకబడితే అది కూడా నీ ఓవెన్‌కే వస్తుంది. పేపర్ చుట్టాక పొగతో పని లేదు, వేడి ఉంటే చాలు.

కాపెల్

హాలు మేనేజర్‌తో మాట్లాడాను. ఆవరణలో బొగ్గు, కట్టెలు ముట్టించకూడదన్నారు. వంటగది ఓవెన్ వాడుకోవచ్చు. రాత్రి కాపలాకి నేనూ మా అబ్బాయీ వస్తాం. వాడికి పదహారేళ్లు, నేర్చుకుంటానంటున్నాడు.

ప్లేనో, వంట బాధ్యత

చాలా థాంక్స్ అన్నా. నా స్మోకర్‌లో రెండూ కాల్చేది మా పెరట్లోనే, ఇంటికి పదడుగుల దూరంలో. చలేసినా, వాన పడినా గరాజ్‌లోకి జరిపేది లేదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. మంటలార్పే సిలిండర్ పక్కనే ఉంటుంది.

రాత్రి 9 నుంచి 1 దాకా నేను. 1 నుంచి 5 దాకా మీరూ అబ్బాయీ. 5 నుంచి మళ్లీ నేను, తోడుగా ఇర్వింగ్ తమ్ముడు. అబ్బాయికి ఒక్కటి నేర్పిస్తాను: పొగ గొట్టం దగ్గర పొగ సన్నగా, లేత నీలంగా, కనపడీ కనపడనట్టు ఉండాలి. తెల్లగా దట్టంగా వస్తోందంటే కట్టె సరిగ్గా మండట్లేదు, గాలి తలుపు తెరవాలి. ఆ తెల్ల పొగ పడితే మాంసం చేదు. ఇంకా, ఎలా ఉందో చూద్దామని మాటిమాటికీ మూత తీయకూడదు.

కోసే పని సాయంత్రం 5:45కి, హాల్లోనే. ముందే కోస్తే ఆరిపోతుంది. పోగుకి అడ్డంగా, పెన్సిల్ మందాన కోయాలి. పలచటి భాగంలో పోగు ఒకవైపు, పైనున్న లావు భాగంలో ఇంకోవైపు ఉంటుంది కాబట్టి రెండూ విడదీసి, లావుదాన్ని పక్కకి తిప్పి కోయాలి. అంచున గులాబీ రంగు గీత కనిపిస్తుంది. చాలామంది పచ్చిగా ఉందనుకుంటారు. అది పొగ మాంసం రంగుతో కలిసి చేసిన గీత, లోపల 200 దాకా ఉడికింది. బల్ల దగ్గర నిలబడేవాళ్లు ఓపిగ్గా చెప్పండి. మిగిలింది రెండు గంటల్లోపు చిన్న డబ్బాల్లో సర్ది పంచేద్దాం.

ఇంకా కావాల్సినవి: రెండో పెద్ద కూలర్ ఒకటి, పాత తువ్వాళ్లు ఆరు, ఎండిన పోస్ట్ ఓక్ (ఓక్‌లో ఒక రకం) కట్టెలు. కట్టెలకి విందుకి వారం ముందు శనివారం పొద్దున్నే వెళ్తున్నాను, పికప్ ట్రక్ ఉన్నవాళ్లు ఒకరు తోడు రండి.

మెకిన్నీ

ట్రక్ నాది. 8కి మీ ఇంటి ముందుంటాను.

అలెన్

తువ్వాళ్లు నావి. కూలర్ మా పక్కింటి వాళ్లని అడిగి రాత్రికి చెప్తాను.