లోడు పికప్‌కి బ్రేక్ పార్టులు: ఏం చూసి కొనాలి?

రోడ్డురాజు:
ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న పికప్. రోజూ లోడు, ఘాట్ దిగాలి. పోయినేడు వెనక ఒక్కో కమాను కట్టకి (స్ప్రింగు పలకల కట్ట) అదనంగా ఒక పట్టా వేయించాం. ముందు ప్యాడ్లు తొందరగా అరుగుతున్నాయి, బ్రేక్ నొక్కితే స్టీరింగ్ వణుకుతోంది. కంపెనీ పార్టులే వేయాలా, బయటివి చాలా? సెరామిక్ మంచిదంటున్నారు, నిజమేనా?

నల్లగ్రీజు:
డబ్బా సంగతి పక్కన పెట్టి ప్యాడ్ అంచు చూడండి. అక్కడ కోడ్ చివర రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగాక పట్టు. E (ఈ) అంటే రాపిడి గుణకం 0.25–0.35, ఎఫ్ అంటే 0.35–0.45, జీ అంటే 0.45–0.55. ఘాట్‌లో పనిచేసే బండికి రెండో అక్షరమే ముఖ్యం. ఎఫ్ఈ అని ఉంటే కాగాక పట్టు జారుతుందన్నమాట. ఎఫ్ఎఫ్‌కి తగ్గొద్దు. అయితే ఇవి పట్టు చెప్పే అక్షరాలే, మన్నిక చెప్పవు. అలాగని పట్టు ఎక్కువని జీజీకి ఎగబడొద్దు. బండికి ముందు నుంచీ ఉన్న కోడ్‌కి దగ్గరగా ఉండాలి, లేకపోతే ముందు వెనకల లెక్క తప్పుతుంది.

ఆర్90 (బయటి బ్రేక్ ప్యాడ్లకి ఐక్యరాజ్యసమితి నియమం) గుర్తు కూడా వెతకండి. దాని ప్రకారం పరీక్షలో బయటి ప్యాడ్ పట్టు అసలు ప్యాడ్‌కి 15 శాతం అటూ ఇటూ లోపలే ఉండాలి. ఆ గుర్తున్నది వేస్తే కంపెనీదేనా అన్న బెంగ చాలావరకు తీరుతుంది.

సెరామిక్‌తో దుమ్ము తక్కువ, కీచు తక్కువ. ఖాళీగా తిరిగే బండికి హాయి. లోడుకి మాత్రం సెమీ మెటాలిక్కే (లోహపు పీచు, పొడి కలిపిన ప్యాడ్). పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాస్త అరుస్తుంది, డిస్కుని కొంచెం ఎక్కువ తింటుంది. భరించాలి.

హబ్బుబాబు:
వణుకుతోందని డిస్కు వంగిందనుకుంటారు. చాలాసార్లు వంగదు. కొత్త డిస్కు బిగించేటప్పుడు హబ్ ముఖం మీద తుప్పు పొర వదిలేస్తే డిస్కు వెంట్రుకవాసి పక్కకి కూర్చుంటుంది. తిరిగిన ప్రతిసారీ ఒకేచోట ప్యాడ్‌కి రాసుకుని, కొన్ని వేల కిలోమీటర్లకి అక్కడ మందం తగ్గి వణుకు మొదలవుతుంది. వైర్ బ్రష్‌తో, ఎమరీతో హబ్బుని మెరిసేదాకా గీకండి. స్టడ్డుల మొదళ్లలో ఉండే తుప్పు చాలామంది వదిలేస్తారు, అక్కడే దొరుకుతుంది. తర్వాత డయల్ గేజ్ (ఊగు కొలిచే సూది మీటరు) పెట్టి తిప్పితే ఊగు 0.05 మిల్లీమీటరు దాటకూడదు. వీల్ నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి.

పాత డిస్కు పనికొస్తుందా అని చూడాలంటే దాని మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. వెర్నియర్‌తో కొలవకండి. అంచున అరగని గట్టు ఉంటుంది, దాని మీద కూర్చుని మందం ఎక్కువ చూపిస్తుంది. మైక్రోమీటర్‌తో గట్టు దాటి లోపల, చుట్టూ ఎనిమిదిచోట్ల చూడాలి.

కొత్తది కొంటే పాతదీ కొత్తదీ తూకం వేయండి. ఒకే సైజులో కొత్తది బాగా తేలిగ్గా ఉంటే ఇనుము మిగుల్చుకున్నారనే. డిస్కు రెండు పలకల మధ్య రెక్కలు కూడా రెండిట్లోనూ లెక్కపెట్టి పోల్చండి. రంధ్రాల డిస్కు జోలికి పోకండి, లోడు వేడికి రంధ్రం దగ్గరే బీటలు వస్తాయి.

నల్లగ్రీజు:
పనిలో పనిగా క్లిప్పులు, క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) జరిగే పిన్నుల రబ్బర్లు కొత్తవి వేయించండి. పిన్ను పట్టేస్తే లోపలి ప్యాడ్ ఒక్కటే అరుగుతుంది, ఎంత మంచి ప్యాడైనా అంతే. పిన్నులకి సిలికాన్ గ్రీజే. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. బ్రేక్ ఆయిల్ డాట్ 4 వాడండి, మీ బండికి చెప్పింది అదే అయితే. కొత్తది మరగాలంటే కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155 చాలు. ఘాట్‌లో ఆయిల్ మరిగి బుడగలొచ్చి పెడల్ మెత్తబడేది అందుకే.

డ్రమ్ముదొర:
అందరూ ముందు చక్రాలే చూస్తున్నారు. వెనక డ్రమ్ము తీసి వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో లైనర్లని డ్రమ్ముకి నెట్టేది) రబ్బరు మూత చిన్నగా వెనక్కి మడిచి చూడండి. లోపల తడి కనపడితే సిలిండర్ మార్చాల్సిందే. ఆయిల్ తాగిన లైనర్లని ఎమరీ కొట్టి వాడొద్దు. లైనర్లు అరిగేకొద్దీ ఎడం సరిచేసే అడ్జస్టర్లు ఎడమది ఎడమకే, కుడిది కుడికే. మర చుట్లు ఒకటి ఎడమవాటం, ఒకటి కుడివాటం ఉంటాయి. తారుమారైతే దానంతటదే బిగియాల్సింది వదులవుతూ పోతుంది. ముందు అడ్జస్టర్‌తో లైనర్లు సెట్ చేసి, ఆ తర్వాతే హ్యాండ్ బ్రేక్ కేబుల్.

రోడ్డురాజు గారూ, అదనపు పట్టా వేయించామన్నారు కదా, అసలు సంగతి అదే కావచ్చు. వెనక యాక్సిల్‌కి కడ్డీతో కట్టిన లోడు వాల్వు ఉందేమో కింద దూరి చూడండి. యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఎడాన్ని బట్టే అది లోడు లెక్కేస్తుంది. పట్టా ఎక్కువైతే లోడు పడినా వెనక భాగం దిగదు, వాల్వు బండి ఖాళీ అనుకుని వెనక బ్రేకులకి ఒత్తిడి తగ్గించేస్తుంది. ఆపే పనంతా ముందు ప్యాడ్లదే అవుతుంది. వర్క్‌షాప్ మాన్యువల్ కొలత ప్రకారం, ప్రెషర్ గేజ్ పెట్టి కడ్డీ సరిచేయించండి. అది సరిచేయకుండా ఎఫ్ఎఫ్ వేసినా, ఏది వేసినా ఇలాగే కరిగిపోతాయి.

రోడ్డురాజు:
కడ్డీ ఉందండీ. ఖాళీ బండికే పైకి లాగేసి ఉంది. ముందు అది చూపిస్తాను, ప్యాడ్లు ఆ తర్వాత.