రాబర్ట్ మోజెస్ వంతెనల కథలో నిజమెంత? తెలిసినవాళ్లు చెప్పండి

న్యూయార్క్‌లో ఉంటున్నవాళ్లు, నగర ప్రణాళిక చదివినవాళ్లు ఎవరైనా ఉంటే సాయం చేయండి. రాబర్ట్ మోజెస్ మీద వ్యాసం రాస్తున్నాను. ఒక్క ఎన్నికలోనూ గెలవకుండా 1968 దాకా, దాదాపు 40 ఏళ్లు ఆ నగరానికి రూపురేఖలు దిద్దిన మనిషి.

బస్సుల్లో వచ్చే పేదలు, నల్లజాతివారు జోన్స్ బీచ్ అనే సముద్రతీరానికి చేరకూడదని న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో పార్క్‌వేల (కార్ల కోసం వేసిన రోడ్ల) మీద వంతెనలు కావాలనే ఎత్తు తక్కువగా కట్టించాడని 1974లో వచ్చిన ఆయన జీవితచరిత్ర చెబుతుంది. దానికి ముఖ్య ఆధారం ఆయన దగ్గర పనిచేసిన సిడ్నీ షపీరో మాట. పార్క్‌వేల మీద బస్సులకు, లారీలకు ఎలాగూ అనుమతి లేదు కదా, బీచ్‌కి వేరే దారిన బస్సులు వెళ్లేవి కదా అని కొందరు కొట్టిపారేస్తారు. ఆ రోడ్లలో ఒకటైన సదరన్ స్టేట్ పార్క్‌వే వంతెనలు మిగతా పార్క్‌వేల వంతెనలకన్నా తక్కువ ఎత్తేనని కొలిచి చూపినవాళ్లూ ఉన్నారు. నాకైతే ఆరోపణలో బలముందనే అనిపిస్తోంది, కానీ కొలతలు ఉద్దేశాన్ని రుజువు చేయవు.

న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్న మోజెస్ కాగితాలు ఎవరైనా చూశారా? వంతెనల ఎత్తు గురించిన ఉత్తరాలేమైనా అందులో ఉన్నాయా? దూరం నుంచి ప్రతులు తెప్పించుకునే వీలుందా?

ఇంకొకటి. మోజెస్ వేయించిన క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే అనే రహదారి కోసం న్యూయార్క్‌లోని ఈస్ట్ ట్రెమాంట్ పేటలో ఒక్క మైలు మేరలోనే సుమారు 1,500 కుటుంబాలను ఖాళీ చేయించారు. క్రోటోనా పార్క్ పక్కగా మళ్లించమని వాళ్లు వేడుకున్నా వినలేదు. ఆ కుటుంబాల మాటలు రికార్డు చేసిన భాండాగారం ఏదైనా తెలిస్తే దయచేసి చెప్పండి. అధికారుల కాగితాలతోనే వ్యాసం ముగించడం నాకు ఇష్టం లేదండీ.