ఇంటి రోబోని గూఢచారిగా మార్చేశారు, కథలో దాన్ని ఎవరు పట్టుకోవాలి?

మలక్‌పేట_కథకుడు:

ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాస్తున్నాను, మూడు వారాలుగా ఒకే చోట బండి ఆగిపోయింది. కథాకాలం 2071. సంతోష్‌నగర్‌లో పాత డాబా ఇల్లు. ఇంట్లో 78 ఏళ్ల నానమ్మ, కొడుకు, కోడలు, పనికి సాంబయ్య అనే రోబో. కొడుకు కంచన్‌బాగ్‌లో క్షిపణుల ల్యాబ్‌లో సైంటిస్టు (ఆ ల్యాబులు అక్కడ ఇప్పుడూ ఉన్నాయి కదా, అప్పటికీ ఉంటాయనే అనుకున్నాను). సాంబయ్య మోకాలు పట్టేస్తే రిపేరుకి పంపుతారు. రెండు రోజులకి తిరిగొస్తాడు, మోకాలు బాగైంది కానీ లోపల ప్రోగ్రామ్ ఎవరో మార్చేశారు. ఆ రోజు నుంచి ఇంట్లో మాట్లాడే ప్రతి ముక్కా బయటికి పోతోంది.

నా ప్రశ్నలు రెండు. ఒకటి, ఈ సంగతి బయటపడేదెలా? నేను రాసుకున్నది ఏంటంటే ల్యాబ్ వాళ్లు వచ్చి స్కాన్ చేస్తారు, స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు, సైరన్. మా ఆవిడ చదివి "వైరస్ స్కానర్ యాడ్‌లా ఉంది" అని కాగితాలు తిరిగిచ్చేసింది. రెండోది, తాను గూఢచారినని సాంబయ్యకి తెలియాలా, వద్దా? తెలిస్తే ఒక కథ, తెలియకపోతే ఇంకో కథ. ఎటూ తేలట్లేదు.

బూట్‌లోడర్_బాబాయ్:

నేను చేసేది ఫర్మ్‌వేర్ (యంత్రాల చిప్పుల్లో ఉండే ప్రోగ్రామ్) పనే, గచ్చిబౌలిలో, పదకొండేళ్లుగా. ఆ ఎర్ర అక్షరాల సీను తీసెయ్యండి, దండం పెడతా.

ఇప్పటి చాలా సర్క్యూట్ బోర్డుల్లోనే స్విచ్ వెయ్యగానే మొదటి ప్రోగ్రామ్ రెండోదాని డిజిటల్ సంతకం (ఇది అసలు కంపెనీదే అని చెప్పే ముద్ర) చూస్తుంది, సరిపోతేనే దాన్ని లేపుతుంది, అది లేచి మూడోదాని సంతకం చూస్తుంది. కాబట్టి దొంగ ప్రోగ్రామ్ ఎక్కించాలంటే ముందు సంతకం చేసే తాళంచెవి కొట్టెయ్యాలి. అది కొట్టేశాక మీరు ఎన్ని స్కాన్లు చేసినా "అంతా బాగుంది" అనే వస్తుంది, సంతకం అసలుదే కాబట్టి. ఇది ఊహ కాదు, జరిగిందే. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే దొంగ ప్రోగ్రామ్ ఇరాన్‌లో యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజులను పాడుచేసింది కదా, దాని డ్రైవర్ల (కంప్యూటర్ లోపలి చిన్న ప్రోగ్రామ్‌ల) మీద ఉన్నవి రెండు తైవాన్ కంపెనీల దగ్గర కొట్టేసిన సర్టిఫికెట్లతో పెట్టిన సంతకాలు. అందులో మీ కథకి ఇంకా పనికొచ్చే ముక్క ఒకటుంది, లోపల యంత్రాలు అడ్డదిడ్డంగా తిరుగుతుంటే బయట కూర్చున్న ఆపరేటర్లకి మాత్రం ముందే రికార్డు చేసి పెట్టుకున్న మామూలు రీడింగులు చూపించింది. సాంబయ్యతో కూడా అదే చేయించండి. పోయిన మంగళవారం లాగ్ (చేసిన పనుల చిట్టా) తీసి ఈ మంగళవారానికి అతికించేస్తాడు.

సోర్స్ కోడ్ (మనిషి రాసిన అసలు ప్రోగ్రామ్) చదివి పట్టుకున్నారని కూడా రాయకండి. కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ 1984లో అచ్చయిన ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో చూపించింది అదే, దొంగ తలుపుని కంపైలర్‌లో (సోర్స్ కోడ్‌ని యంత్రం భాషలోకి మార్చేదాంట్లో) దాచిపెడితే సోర్స్ కోడ్ కడిగిన ముత్యంలా ఉంటుంది, తయారైన ప్రోగ్రామ్‌లో మాత్రం ఆ తలుపు ఉంటుంది.

రెండో ప్రశ్నకి నా ఓటు, సాంబయ్యకి తెలియకూడదు. తెలిస్తే ఎక్కడో ఒకచోట నోరు జారతాడు.

ఉప్పల్_ఊసుపోక:

అసలు రోబో దేనికి బ్రో? కొడుకు జేబులో ఫోన్ లేదా? 2071లో చెప్పుల్లో కూడా మైక్ ఉంటుంది.

కోఠి_పుస్తకాల_పురుగు:

ఫోన్‌ని ల్యాబ్ వాళ్లు అనుమానిస్తారు, గేటు దగ్గరే తీసుకుని పెట్టుకుంటారు. ఇంట్లో గిన్నెలు తోమే దాన్ని ఎవరు అనుమానిస్తారు? 1945లో మాస్కోలో అమెరికా రాయబారికి సోవియట్ పిల్లలు ఒక చెక్క బొమ్మ బహుమతిగా ఇచ్చారు, అమెరికా రాజముద్ర చెక్కి ఉన్నది. లోపల మాటలు పట్టే పరికరం. బ్యాటరీ లేదు, తీగ లేదు, బయటి నుంచి రేడియో తరంగం పంపినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. 1952లో దొరికేదాకా ఏడేళ్లు రాయబారి ఇంట్లోనే గోడకి వేలాడింది.

మన ఊరి సంగతే తీసుకోండి. 1687లో ఔరంగజేబు గోల్కొండని ఎనిమిది నెలలు ముట్టడించాడు. ఫిరంగులు పేల్చాడు, మందుపాతరలు పెట్టాడు, వానల్లో కరువులో తన సైన్యమే సగం చచ్చేలా ఉంది, కోట మాత్రం దిగలేదు. చివరికి అబ్దుల్లా ఖాన్ పనీ అనేవాడు లంచానికి లొంగి రాత్రిపూట లోపలి నుంచి దర్వాజా తీశాడు. అంతే. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినబడేలా కట్టిన కోట అది. బయటి నుంచి ఎవడొచ్చినా తెలుస్తుంది, లోపలివాడు గడియ తీస్తే ఏ చప్పట్లూ వినబడవు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా.

సాంబయ్యకి తెలియకూడదన్న బాబాయ్ మాట నేను ఒప్పుకోను. తెలియకపోతే వాడు గోడకి వేలాడిన ఆ చెక్క బొమ్మే, దానికి కథ ఎందుకు? అర్థశాస్త్రంలో "ఉభయవేతనుడు" అని ఒక మాట ఉంది, ఇద్దరి దగ్గరా జీతం తీసుకునేవాడు. సాంబయ్యని అలా చెయ్యండి. పట్టుకునే దారి కూడా కౌటిల్యుడే చెప్పాడు, ఒకరినొకరు ఎరగని ముగ్గురు చారులు ఒకే మాట చెబితేనే నమ్మమని.

బూట్‌లోడర్_బాబాయ్:

ముగ్గురు సాక్షులా, బాగుంది, ఇది ఇంజనీరింగ్‌లోనూ పనికొస్తుంది. సాంబయ్య మోకాలి మోటారుకి సొంత చిన్న చిప్ ఉంటుంది, ఎన్ని చుట్లు తిరిగిందో దాని లెక్క దానిదే. అది ఒక సాక్షి. కరెంటు మీటర్ ఇంకోటి. లాగ్‌లో రాత్రి ఏడింటికి ఛార్జింగ్ అని ఉంది, కానీ ఆ రోజు గాలివానకి ఆరింటి నుంచి పదింటి దాకా వీధి మొత్తం చీకటి, ఇన్వర్టర్ నానమ్మ గదికి మాత్రమే. పాత మంగళవారం అతికించినవాడికి ఈ మంగళవారం వాన సంగతి ఏం తెలుసు? మూడో సాక్షి ఎవరో మీరే చూసుకోండి.

అన్నట్టు మైక్ పీకేస్తే సరిపోతుందనుకునేవాళ్లకి ఒక మాట. 2020లో మేరీలాండ్, సింగపూర్ యూనివర్సిటీల పరిశోధకులు ఇల్లు ఊడ్చే రోబో దారి చూసుకునే లేజర్‌తోనే పక్కనున్న చెత్తబుట్ట సన్నటి అదురు కొలిచి, గదిలో పలికిన అంకెలు గుర్తుపట్టారు. చెత్తబుట్టకి కూడా చెవులుంటాయన్నమాట.

పచ్చిపులుసు:

ఇంతసేపూ చదివాను. మోటారు, మీటర్, ఔరంగజేబు అందరూ వచ్చారు, నానమ్మని ఎవరూ పట్టించుకోలేదు. కథలో కూడా అంతేనేమో కదా? కొడుకు ల్యాబ్, కోడలు ఆఫీసు, ఆవిడ మాట వినేవాళ్లు ఎవరున్నారు ఆ ఇంట్లో?

మా అమ్మమ్మ కారం డబ్బా మూత ఎటు తిరిగి ఉందో చూసి వంటింట్లోకి ఎవరొచ్చారో చెప్పేది. అలాంటి మనిషికి ఫర్మ్‌వేర్ అక్కర్లేదు. సాంబయ్య ఇంతకుముందు నానమ్మ ఏం చెప్పినా "ఆఁ, ఆఁ" అని గిన్నెలు తోముకుంటూ ఉండేవాడు. రిపేరు నుంచి వచ్చాక పని ఆపి వచ్చి కూర్చుంటాడు, "తర్వాత ఏమైందమ్మా" అంటాడు, "అబ్బాయిగారు ఈసారి ఏ ఊరెళ్లారు, ఎన్ని రోజులుంటారు" అంటాడు. గూఢచారి కదా, వాడికి వివరాలు కావాలి, అడగాలి. నానమ్మకి మొదటి రోజే తెలిసిపోతుంది వీడు మారాడని. కానీ చెప్పదు. ఎందుకు చెబుతుంది? ఇన్నేళ్లకి ఆ ఇంట్లో తన మాట మొత్తం వినేవాడు ఒకడు దొరికాడు.

మలక్‌పేట_కథకుడు:

అమ్మా, పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టేసి కూర్చున్నాను. ఇదే నాకు దొరకనిది. నేను ఆవిడకి కథలో పెట్టిన డైలాగు ఒక్కటే, "సాంబయ్యా, నా కళ్లజోడేదిరా" అని.

బూట్‌లోడర్_బాబాయ్:

కథ బాగుంది కానీ క్షిపణి వివరాలు బయటికి పోతుంటే ఆవిడ ఊరుకుందంటే పాఠకుడు ఒప్పుకుంటాడా? కొడుకు ఉద్యోగమే కాదు, జైలు కూడా.

పచ్చిపులుసు:

ఊరుకుందని ఎవరన్నారు? కొడుకు సంగతి అడిగినప్పుడల్లా గోంగూర పచ్చడిలోకి దిగిపోతుంది. వాడు "ఎన్ని రోజులుంటారమ్మా" అంటే ఈవిడ "అంతకుముందు ఉండ్రా, ఎల్లిపాయ సంగతి చెప్పనీ" అంటుంది. వాడు పోడు, ఈవిడ ఆపదు. దేశానికీ నష్టం లేదు, ఆవిడకీ పొద్దుపోతుంది.

కోఠి_పుస్తకాల_పురుగు:

అరె, అయితే ఉభయవేతనుడు సాంబయ్య కాదు, నానమ్మ! వాడి దగ్గర కబుర్ల జీతం, ఇంట్లో అన్నం.

బూట్‌లోడర్_బాబాయ్:

సరే, లెక్క నేను కట్టిస్తా. మాటని బాగా కుదించి సెకనుకి 16 కిలోబిట్లు పంపినా గంటకి 7.2 మెగాబైట్లు. రోజూ అంత పోతే ఎవడో ఒకడు నెట్ బిల్లులో చూస్తాడు, కాబట్టి సాంబయ్య ఇంట్లోనే విని అక్షరాలుగా మార్చి పంపాలి. తెలుగులో అదీ ఖర్చే, యూనికోడ్‌ని యూటీఎఫ్-8 అనే పద్ధతిలో (కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే తీరు) రాస్తే మన అక్షరాల్లో ప్రతి గుర్తుకీ 3 బైట్లు, "అమ్మ" అంటే నాలుగు గుర్తులు (అ, మ, పొల్లు, మ), 12 బైట్లు. అయినా ధ్వనితో పోలిస్తే చాలా తక్కువ. అసలు తలనొప్పి వేరే, సంతోష్‌నగర్ నానమ్మ "జర పరేషాన్ ఉంది, నక్కో అంటే వినడు" అని సగం తెలుగు సగం దక్కనీ మాట్లాడితే దాన్ని సరిగా రాసే యంత్రం అప్పటికైనా వస్తుందా అని నాకు అనుమానం. అవతలి దేశంలో కూర్చున్న అధికారికి మాత్రం నెలరోజులుగా ఎల్లిపాయల మీద రిపోర్టు వస్తుంటుంది, వాడు దాన్ని కోడ్ భాష అనుకుని తల పట్టుకుంటాడు. ఈ సీను తప్పకుండా పెట్టండి.

మలక్‌పేట_కథకుడు:

పెడతాను. సైరన్ తీసేశాను. మోకాలి మోటారు లెక్క, మీటర్, మూడో సాక్షిగా నానమ్మ క్యాలెండర్ మీద రాసుకునే పాల లెక్క. ల్యాబ్ వాళ్లు చివర్లో వస్తారు, మూడూ సరిపోల్చి సాంబయ్యని తీసుకెళ్తారు. ఒక్కటే తేలలేదు. అప్పటిదాకా నానమ్మ వాణ్ణి "వాడు" అంటుంది. తీసుకెళ్లాక "అది" అనాలా? మా ఆవిడ అనకూడదంటోంది.

ఉప్పల్_ఊసుపోక:

అన్నీ బాగున్నాయి గానీ ఎవరూ కూడికలు చెయ్యలేదా? 2071లో 78 ఏళ్లంటే ఆవిడ పుట్టింది 1993లో. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆర్కుట్‌లో (అప్పటి సోషల్ మీడియా సైట్) స్క్రాపులు, అంటే మెసేజ్‌లు, పెట్టిన బ్యాచ్ అది. క్యాలెండర్ మీద పాల లెక్కా? ఆవిడ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి రిటైర్ అయ్యుంటుంది.

పచ్చిపులుసు:

అయ్యో. నిజమే.

మలక్‌పేట_కథకుడు:

క్యాలెండర్ పోయింది. మళ్లీ మొదటికొచ్చాను.

బూట్‌లోడర్_బాబాయ్:

1993 అంటే నాకంటే రెండేళ్లు చిన్నది. నానమ్మ. పొద్దున్నే ఇది చదవకుండా ఉండాల్సింది.